ఈ-ప్రొక్యూర్‌మెంట్‌తో సరఫరా మెరుగుపడిందా? కొలిచి తేల్చుకొనే విధానం

ఒక సంస్థలో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఇంటర్నెట్ పోర్టల్ ద్వారా టెండర్లు పిలిచి కొనే పద్ధతి, మొదలుపెట్టిన ఏడాదికి యాజమాన్యం ముందుకు వచ్చే నివేదికలో సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి. పోర్టల్ ద్వారా జరిగిన కొనుగోళ్ల విలువ ఎంత, అంచనా ధర కంటే ఎంత తక్కువకు కొన్నారు, టెండరు పిలిచిన నాటి నుంచి ఖరారు చేసేదాకా ఎన్ని రోజులు పట్టింది అన్నవే ఆ మూడూ. ఇవి కొనుగోలు విభాగం పనితీరును చెబుతాయి. సరుకు అందక ఎన్నిసార్లు ఉత్పత్తి ఆగిందో, స్టోర్స్‌లో అవసరానికి మించి ఎంత నిల్వ పేరుకుందో మాత్రం చెప్పవు. సరఫరా వ్యవస్థ పనితీరు అంటే నిజానికి ఈ చివరి రెండే. ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రభావం అక్కడిదాకా చేరిందో లేదో లెక్కగట్టి చూసుకోవడం ఎలాగో, చేరకపోతే ఎక్కడ సరిచేయాలో కొనుగోలు, స్టోర్స్, అకౌంట్స్ విభాగాల్లో పనిచేసేవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తేదీలు రాసుకోండి

ఏ కొనుగోలుకైనా ఏడు తేదీలు ఉంటాయి. ఇండెంట్ (సరుకు కావాలని వాడే విభాగం రాసి ఇచ్చే కోరిక) పెట్టిన తేదీ, దానికి ఆమోదం లభించిన తేదీ, విచారణ (సరఫరాదారులను ధరలు అడిగే ఎంక్వైరీ) లేదా టెండరు పోర్టల్‌లో పెట్టిన తేదీ, పర్చేజ్ ఆర్డర్ ఇచ్చిన తేదీ, సరుకు గేటు దగ్గరకు వచ్చిన తేదీ, తనిఖీ పూర్తయి స్టోర్స్ పుస్తకంలో జమ అయిన తేదీ, సరఫరాదారుకు డబ్బు చేరిన తేదీ. పోర్టల్ రాకముందు ఆరు నెలల ఆర్డర్లకూ, వచ్చిన తరువాత ఆరు నెలల ఆర్డర్లకూ ఈ తేదీలను వేర్వేరు పట్టికల్లో వేసుకోవాలి. పాత ఫైళ్ల నుంచి తేదీలు ఏరడం విసుగు పుట్టించే పనే అయినా, అది లేకుండా తరువాతి లెక్క ఏదీ నిలబడదు. పోర్టల్ పెట్టడానికి ముందే ఈ పని చేసుకొన్న సంస్థ అదృష్టవంతురాలు, ఎందుకంటే ఆ తరువాత పాత రిజిస్టర్లు దొరకడం కష్టమవుతుంది.

ఈ ఏడు తేదీల మధ్య ఆరు వ్యవధులు వస్తాయి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ నేరుగా తగ్గించేది వాటిలో మూడోదాన్ని, అంటే టెండరు నుంచి ఆర్డర్ దాకా పట్టే కాలాన్ని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. 2003లో ఆ రాష్ట్రం ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రారంభించేనాటికి టెండరు పత్రాలు కొనాలన్నా, పెట్టెలో వేయాలన్నా కాంట్రాక్టరు స్వయంగా కార్యాలయానికి రావలసి ఉండేది. వచ్చినవారిని అక్కడే అడ్డుకోవడం, ముందే రింగయి పనులు పంచుకోవడం అందరికీ తెలిసిన వ్యవహారమే. ఎవరు ఎక్కడి నుంచి బిడ్ వేస్తున్నారో గడువు ముగిసేదాకా తెలియని పద్ధతి రావడంతో పోటీ పెరిగింది, టెండరు ప్రక్రియకు పట్టే కాలమూ బాగా తగ్గింది. ఆ లాభం నిజమైనదే. అయితే రోడ్డు పని టెండరుకు సరిపోయే ఈ కొలమానాన్ని రోజూ సరుకు వాడుకొనే కర్మాగారానికీ, ఆసుపత్రికీ యథాతథంగా తెచ్చి పెట్టుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. కర్మాగారంలో టెండరు ఒక్కసారి అయ్యాక సరుకు ఏడాది పొడుగునా విడతలుగా రావాలి కదా.

ఆరు వ్యవధులనూ వేరుచేసి చూసినప్పుడు చాలాచోట్ల కనిపించేది ఏమిటంటే, మూడోది తగ్గుతుంది, మొదటిదీ అయిదోదీ పెరుగుతాయి. పోర్టల్‌లో ఎక్కించడానికి ముందు సాంకేతిక వివరాలు పూర్తిగా నింపాలి కాబట్టి ఇండెంట్లు ఆమోదం దగ్గర ఆగుతాయి. కొత్త సరఫరాదారులు ఎక్కువమంది వస్తారు కాబట్టి తనిఖీ దగ్గర సరుకు నిలిచిపోతుంది. మొత్తం కాలం మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

ఐటమ్ కోడ్లు శుభ్రం చేయకుండా పోర్టల్ మీద నెపం వేయకండి

6205 అనే బాల్ బేరింగ్‌ను తీసుకుందాం. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, వెడల్పు 15. చిన్న మోటార్లలో, పంపుల్లో విరివిగా వాడతారు. స్టోర్స్ జాబితా తెరిచి చూస్తే ఇదే బేరింగ్ ఒకచోట “బేరింగ్ 6205” అనీ, ఇంకొకచోట “బాల్ బేరింగ్ 25 ఎంఎం” అనీ, మరొకచోట తయారీ కంపెనీ పేరుతోనూ మూడు కోడ్ల కింద కనిపించడం మామూలే. మూడు కోడ్లకూ మూడు ఇండెంట్లు, మూడు విచారణలు, మూడు చిన్న ఆర్డర్లు. కలిపి కొంటే వచ్చే ధర రాదు. ఒక కోడ్ కింద నిల్వ నిండుగా ఉండగానే రెండో కోడ్ కింద సరుకు లేదని అత్యవసర కొనుగోలు జరుగుతుంది.

ఇంకా పెద్ద చిక్కు ఒకటి ఉంది. 6205 తరువాత 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నదని, జెడ్‌జెడ్ అని ఉంటే లోహపు మూత ఉన్నదని అర్థం. నీరు, దుమ్ము తగిలే చోట రబ్బరు సీలు ఉన్నదే కావాలి. వివరాల గడిలో “6205” అని మాత్రమే రాసి టెండరు పిలిస్తే, ఎల్1గా, అంటే అందరికంటే తక్కువ ధర వేసి, వచ్చినవారు జెడ్‌జెడ్ రకం పంపినా వారిని తప్పుపట్టడానికి వీలుండదు. పాత పద్ధతిలో ఫోన్‌లో “ఎప్పుడూ పంపేదే పంపండి” అంటే సరిపోయేది. సరఫరాదారు బుర్రలో ఉన్న ఆ జ్ఞానాన్ని పోర్టల్ చదవలేదు. అందువల్ల మొదట విలువ ప్రకారం పెద్ద ఐటమ్‌లనూ, ఆగితే ఉత్పత్తి ఆగిపోయే ఐటమ్‌లనూ ఏరి, ఒక్కొక్కదానికి ఒకే కోడ్, పూర్తి వివరం, కొలత ప్రమాణం, తనిఖీ పద్ధతి రాయించాలి. ఈ రాత స్టోర్స్ గుమస్తా ఒక్కడి పని కాదు. వాడేవారు, నిర్వహణ ఇంజనీరు సంతకం చేయాలి. మిగిలిన వేల ఐటమ్‌లను తీరిక చూసుకొని చేయవచ్చు.

సగటును కాదు, హెచ్చుతగ్గులను చూడండి

ఈ-ప్రొక్యూర్‌మెంట్ సరఫరాను బాగుచేసిందో లేదో ఇక్కడే తేలుతుంది, అందుకే కొంచెం ఓపికగా లెక్క వేద్దాం. పైన చెప్పిన బేరింగ్‌నే రోజుకు సగటున 40 వాడే సంస్థ ఉందనుకుందాం. వాడకంలో ప్రామాణిక విచలనం, అంటే రోజువారీ వాడకం సగటుకు ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత, 10. ఇండెంట్ నుంచి స్టోర్స్‌లో జమ అయ్యేదాకా సగటున 16 పనిదినాలు పడుతున్నాయి, అందులో ప్రామాణిక విచలనం 4 రోజులు. నూటికి 95 విడతల్లో సరుకు అయిపోకుండా ఉండాలంటే ఎంత భద్రతా నిల్వ, అంటే ఈ హెచ్చుతగ్గులను తట్టుకోవడానికి అదనంగా ఉంచే సరుకు, పెట్టుకోవాలి?

వాడకపు విచలనం వర్గాన్ని సగటు వ్యవధితో గుణిస్తే 1,600. సగటు వాడకం వర్గాన్ని వ్యవధి విచలనం వర్గంతో గుణిస్తే 25,600. రెండూ కలిపి వర్గమూలం తీస్తే సుమారు 165. దాన్ని గణాంక పట్టికల్లో 95 శాతానికి సరిపోయే 1.65తో గుణిస్తే 272 బేరింగులు.

ఇప్పుడు పోర్టల్ వచ్చి, టెండరు దశలో ఆరు రోజులు మిగిలి, సగటు వ్యవధి 10 రోజులకు దిగిందనుకోండి. విచలనం మాత్రం ఆ 4 రోజులే. మళ్లీ లెక్క వేస్తే భద్రతా నిల్వ 269. ఆరు రోజులు ఆదా చేసినా తగ్గింది మూడే మూడు బేరింగులు! ఆర్డర్‌ను కొన్ని రోజులు ఆగి పెట్టుకోవచ్చు, అంతవరకు సౌలభ్యమే. గోదాములో కూర్చున్న డబ్బు మాత్రం కదలదు.

దీనికి బదులు సగటు వ్యవధి 16 రోజులే ఉండి, విచలనం 4 నుంచి 2కు తగ్గిందనుకోండి. అప్పుడు భద్రతా నిల్వ 148కి, అంటే సగానికి దగ్గరగా పడిపోతుంది. ఆలస్యమయినా చెప్పిన రోజుకే వచ్చే సరుకు, తొందరగా వచ్చినా ఎప్పుడు వస్తుందో తెలియని సరుకు కంటే చవక. యాజమాన్యానికి ఇచ్చే నివేదికలో సగటు రోజుల పక్కనే విచలనం గడి కూడా పెట్టమని అడగడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. ఎక్సెల్ తెలిసిన ఎవరైనా రెండు నిమిషాల్లో తీయగల అంకె అది.

హెచ్చుతగ్గులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆరు వ్యవధుల పట్టికే చూపిస్తుంది. ఆమోదం దగ్గర అయితే, సంతకం చేసే అధికారి సెలవులో ఉన్నప్పుడు ఫైలు తనంతట తానే మరొకరికి వెళ్లే ఏర్పాటు పోర్టల్‌లో ఉంటుంది. చాలా సంస్థలు దాన్ని వాడుకోకుండా వదిలేస్తాయి. సరఫరాదారు దగ్గర అయితే, ఆర్డర్ అందగానే తేదీతో సహా అంగీకారం తెలపాలనీ, సరుకు బయలుదేరిన రోజే పోర్టల్‌లో ఆ సమాచారం ఎక్కించాలనీ షరతు పెట్టాలి. రాబోయే మూడు నెలలకు ఎంత అవసరం పడవచ్చో ముందస్తు అంచనాను సరఫరాదారుకు కనిపించేలా చేస్తే ఇంకా మంచిది. పోర్టల్‌ను బిడ్ల పెట్టెగా మాత్రమే చూసేవారు ఈ మూడింటినీ పట్టించుకోరు. నా ఉద్దేశంలో పోర్టల్‌కు పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేది వీటివల్లనే.

ఒక జాగ్రత్త చెప్పాలి. “సకాలంలో అందిన ఆర్డర్లు 96 శాతం” వంటి అంకె చూసినప్పుడు, ఏ తేదీతో పోల్చారో అడగండి. సరఫరాదారు ఆలస్యం చేస్తానన్నప్పుడల్లా పర్చేజ్ ఆర్డర్‌కు సవరణ ఇచ్చి గడువు పొడిగించడం వాడుకలో ఉన్న అలవాటు. సిస్టమ్ ఆ కొత్త తేదీతో పోలుస్తుంది కాబట్టి అందరూ సకాలంలో ఇచ్చినట్టే తేలుతుంది. మొదటి ఆర్డర్‌లోని తేదీ మారకుండా ఒక గడిలో బిగించి ఉంచాలి, కొలత దానితోనే జరగాలి. అడిగిన పరిమాణం పూర్తిగా వచ్చిందా అన్నదీ దానితోపాటే చూడాలి. 500 అడిగితే 300 పంపి తేదీ నిలబెట్టుకోవడం సకాలంలో అందించడం కాదు.

ఆర్డర్ పెట్టే ఖర్చు తగ్గితే ఆర్డర్ పరిమాణమూ తగ్గాలి

కాగితాల మీద ఒక్క ఆర్డర్ పెట్టడానికి కొటేషన్లు, తులనాత్మక పట్టిక, నోట్‌ఫైలు, పోస్టు అన్నీ కలిపి రూ. 2,400 ఖర్చయ్యేదనీ, పోర్టల్‌లో రేటు కాంట్రాక్టు (ధరను ముందే ఖరారు చేసుకొని విడతలుగా కొనే ఒప్పందం) మీద అదే ఆర్డర్ రూ. 600కు పూర్తవుతున్నదనీ అనుకుందాం. మన బేరింగ్ ఏడాదికి 300 పనిదినాల్లో 12,000 కావాలి, ఒక బేరింగ్‌ను ఏడాదిపాటు నిల్వ ఉంచడానికి రూ. 10 అవుతుంది. లాభదాయకమైన ఆర్డర్ పరిమాణం (ఆర్డర్ ఖర్చూ నిల్వ ఖర్చూ కలిపి అతి తక్కువయ్యే పరిమాణం) సూత్రం ప్రకారం మునుపు ఒక్కో ఆర్డర్ 2,400 బేరింగులకు పెట్టాలి, ఇప్పుడు 1,200కు. ఖర్చు నాలుగో వంతు అయితే పరిమాణం సగమవుతుంది. సగటున గోదాములో తిరిగే నిల్వ కూడా 1,200 నుంచి 600కు దిగుతుంది.

ఇది పుస్తకంలో కనిపించినంత సులభంగా జరగదు, ఎందుకంటే పాత పరిమాణాలు సిస్టమ్‌లో అలాగే ఉండిపోతాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి పాత అలవాటును ఎక్కించి కూర్చుంటారు. కనుక పోర్టల్ అమలైన మూడు నాలుగు నెలలకు ఆర్డర్ ఖర్చును మళ్లీ లెక్కగట్టి, ముఖ్యమైన ఐటమ్‌ల ఆర్డర్ పరిమాణాలను సవరించాలి.

సవరించేటప్పుడు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఏడాదికి అయిదు ఆర్డర్లు ఉన్నప్పుడు, ఒక్కో విడతలో సరుకు అయిపోయే అవకాశం నూటికి 5 అయితే, సగటున నాలుగేళ్లకు ఒకసారి కొరత వస్తుంది. ఆర్డర్లు పది అయితే అదే భద్రతా నిల్వతో రెండేళ్లకు ఒకసారి వస్తుంది. చిన్న ఆర్డర్ల లాభం దక్కాలంటే గడువుల్లో హెచ్చుతగ్గులు ముందు తగ్గాలి. అందుకే ఆర్డర్ పరిమాణం సంగతిని హెచ్చుతగ్గుల తరువాత చెప్పాను.

అన్నింటికీ రివర్స్ వేలం పెట్టకండి

సరఫరాదారులు ఒకరికంటే ఒకరు ధర తగ్గించుకుంటూ పోటీపడే రివర్స్ వేలంలో ధర దిగుతూ ఉంటే తెర ముందు కూర్చున్నవారికి ఉత్సాహంగా ఉంటుంది. స్టేషనరీ, ప్యాకింగ్ అట్టపెట్టెలు, ప్రామాణికమైన బోల్టులు, నట్లు వంటి, పదిమంది దగ్గర ఒకేలా దొరికే సరుకుకు అది తగినదే. ఒకరిద్దరే చేయగల కాస్టింగులకూ (పోతపోసిన భాగాలకూ), అచ్చు తయారీకి నెలలు పట్టే భాగాలకూ వేలం పెడితే, మొదటి ఏడాది ధర తగ్గుతుంది, రెండో ఏడాది ఓడిన సరఫరాదారు బిడ్ వేయడం మానేస్తాడు. ఆ తరువాత మిగిలేది ఒక్కడే. దీన్ని కనిపెట్టడానికి ఒక్కో విచారణకు ఎంతమంది బిడ్ వేశారో ఐటమ్ వర్గాల వారీగా నెలనెలా గుర్తుపెట్టుకోవాలి. పోర్టల్ వచ్చిన కొత్తలో పెరిగిన ఆ సంఖ్య తరువాత నెమ్మదిగా తగ్గుతూ ఉంటే, ధరలో ఆదా చూపే అంకెను నమ్మకూడదు.

చిన్న సరఫరాదారులకు డిజిటల్ సంతకం సర్టిఫికెట్ తీసుకోవడం, పత్రాలు ఎక్కించడం భారంగా తోచవచ్చు. వారికి నేర్పించడానికి రెండు పూటలు కేటాయించడం దండగ కాదు. చివరి నిమిషంలో ఫైలు ఎక్కక వెనుదిరిగినవాడు ధరలో ఓడినవాడు కాడు, ఆ నష్టం కొనేవారిది కూడా.

తనిఖీ, చెల్లింపు

సరుకు గేటు దాటాక కథ ముగిసిందని కొనుగోలు విభాగం భావిస్తుంది. సరఫరాదారుకు అసలు కథ అక్కడే మొదలవుతుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు సరుకు అంగీకరించిన నాటి నుంచి ఒప్పందంలో ఉన్న గడువులోగా, అదీ 45 రోజులకు మించకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే ఆ గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వవలసి వస్తుంది. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బీ(హెచ్) కింద వచ్చిన నియమం ప్రకారం, ఈ గడువు దాటిన బకాయిలను నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవలసి ఉంటుంది. కాబట్టి తనిఖీ విభాగంలో పడి ఉన్న సరుకు పన్ను లెక్కల దాకా ప్రయాణిస్తుంది. ఈ మాట అకౌంట్స్ అధికారికి చెబితే, కొనుగోలు విభాగం ఎన్నాళ్లు మొరపెట్టుకొన్నా కదలని ఫైలు చప్పున కదులుతుంది.

2016లో మొదలైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ జెమ్‌లో ఈ విషయాన్ని ప్రక్రియలోనే కట్టారు. సరుకు అందుకొన్న అధికారి స్వీకృతి ధ్రువపత్రం నిర్ణీత వ్యవధిలో ఇవ్వాలి, దాని ఆధారంగా చెల్లింపు గడువు మొదలవుతుంది. ఆచరణలో ఆలస్యాలు లేవని కాదు. ఆలస్యం ఎవరి దగ్గర ఉన్నదో తెలుస్తుంది, అదే పెద్ద మార్పు. ప్రైవేటు సంస్థ కూడా తన పోర్టల్‌లో ఆర్డర్, స్టోర్స్ జమ, ఇన్‌వాయిస్ మూడింటినీ సిస్టమే సరిపోల్చి, తేడా లేనప్పుడు బిల్లు దానంతట అది చెల్లింపుకు వెళ్లేలా చేసుకోవచ్చు. తేడా ఉన్న బిల్లులు మాత్రమే మనుషుల చేతికి రావాలి. సమయానికి డబ్బు అందుతుందన్న నమ్మకం కలిగిన సరఫరాదారు, సరుకు తక్కువగా ఉన్న నెలల్లో ఎవరికి ముందు పంపాలో తానే నిర్ణయించుకుంటాడు.

ఆసుపత్రులకు మందులు కొనే రాష్ట్ర సంస్థల్లో తనిఖీ దశ ఇంకా బరువైనది. టెండరులో రేటు కాంట్రాక్టు కుదిరి, మందు జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు చేరినా, నమూనా పరీక్షలో నెగ్గిందని ల్యాబు నివేదిక వచ్చేదాకా పంపిణీ చేయకుండా పక్కన పెట్టే ఏర్పాటు ఉంటుంది. అక్కడ టెండరు కాలం ఎంత తగ్గినా, ల్యాబులో పట్టే రోజులను కలపకుండా వ్యవధి లెక్కిస్తే నిల్వలు తప్పుతాయి. టెండరు పోర్టల్ ఒకచోట, ఈ-ఔషధి వంటి నిల్వల సాఫ్ట్‌వేర్ మరోచోట ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడకపోతే, బ్యాచ్ నంబర్లనూ గడువు తేదీలనూ ఫార్మసిస్టు చేత్తో రెండోసారి ఎక్కించవలసి వస్తుంది.

ఫలితాన్ని పోర్టల్ ఖాతాలో వేసే ముందు

పోర్టల్ వచ్చిన ఏడాదే రాగి ధరో, ఉక్కు ధరో పడిపోతే, కొనుగోలు ఖర్చు తగ్గినదంతా పోర్టల్ ఘనతగా నివేదికలోకి ఎక్కుతుంది. దీన్ని తప్పించడానికి ముడిసరుకు ధరతో ముడిపడిన ఐటమ్‌లను ఆ ధర సూచీతో సవరించి పోల్చాలి. అంతకంటే నమ్మదగిన మార్గం, అన్ని ఐటమ్‌లనూ ఒకేసారి పోర్టల్‌లోకి తేకుండా రెండు విడతలుగా తేవడం. మొదటి ఆరు నెలలు కొన్ని వర్గాలు పోర్టల్‌లో, అదే స్వభావం ఉన్న మరికొన్ని పాత పద్ధతిలో నడిపితే, రెంటికీ వ్యవధి విచలనం, కొరత వచ్చిన సందర్భాలు, భద్రతా నిల్వ ఎలా మారాయో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. పాత పద్ధతిలో ఉన్నవి కూడా అంతే మెరుగుపడి ఉంటే, కారణం వేరే ఎక్కడో ఉంది.

ఈ పట్టికను ప్రతి మూడు నెలలకూ కొనుగోలు, స్టోర్స్, ఉత్పత్తి, అకౌంట్స్ అధికారులు నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చొని చూడాలి. కొరత వల్ల ఉత్పత్తి ఆగిన ప్రతి సందర్భానికీ, ఆ ఐటమ్ ఆరు వ్యవధుల్లో ఏది మామూలుకంటే ఎక్కువ సాగిందో రాసి, ఆ దశ ఎవరి చేతిలో ఉందో వారి పేరు ఎదురుగా పెట్టాలి. టెండరు దశ పేరు ఆ జాబితాలో అరుదుగా కనిపించడం మొదలైనప్పుడు, పోర్టల్ మీద పెట్టే శ్రద్ధను తగ్గించి ఇండెంట్, తనిఖీ దశల మీదికి మళ్లించవచ్చు.